దేశం పేరు చెప్పారు, ఊరి పేరు చెప్పడం లేదు. ఎలా సిద్ధపడాలి?

చేను_గట్టు
తిరుపతి వ్యవసాయ కళాశాలలో చదివాను. అయిదేళ్లుగా చంద్రగిరి, పాకాల మండలాల్లో వేరుశనగ రైతులతో పని చేస్తున్నాను. ఇప్పుడు ఒక సంస్థ తరఫున ఏడాదిన్నర పాటు ఆఫ్రికాలోని మలావీకి వాలంటీరుగా వెళ్లబోతున్నాను. వేరుశనగకు బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం పట్టకుండా చెట్టు పీకడం, కాయ ఆరబెట్టడం, నిల్వ చేయడం అక్కడి మహిళా సంఘాలతో కలిసి చేయాలి. పని నాకు తెలిసిందే, మనసుకు నచ్చిందే. సెప్టెంబరు చివరి వారంలో ప్రయాణం.

బాధ ఒక్కటే. ఏ జిల్లాకు, ఏ ఊరికి పంపుతారో చెప్పడం లేదు. రెండుసార్లు రాశాను. "రాజధాని లిలోంగ్వేలో శిక్షణ పూర్తయ్యాక తెలియజేస్తాం" అని రెండుసార్లూ ఒకే వాక్యం వచ్చింది. మలావీ మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నదే. కానీ పొడవు దాదాపు 900 కిలోమీటర్లు. దక్షిణాన న్సాంజే వైపు నేల సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా ఉండదు, ఎండ మండిపోతుంది. ఉత్తరాన న్యీకా పీఠభూమి రెండు వేల మీటర్లు దాటుతుంది. నేను పలుచని నూలు బట్టలు సర్దుకోవాలా, ఉన్ని దుప్పటి సర్దుకోవాలా?

ఇక అమ్మ. మా ఇంట్లో ఎవరు ఊరు వదిలి వెళ్లినా అమ్మ ఒక స్టీలు క్యారియరు కొని, దాని మీద పేరు, వెళ్లే ఊరు, తేదీ చెక్కిస్తుంది. అన్నయ్యకు పుణె అని చెక్కించింది. నేను పై చదువుకు వెళ్లినప్పుడు బాపట్ల అని చెక్కించింది. ఈసారి గాంధీ రోడ్డులో నాలుగు గిన్నెల క్యారియరు కొని, ఏమీ చెక్కించకుండా అలమర పైన పెట్టింది. "మలావీ అని చెక్కించవచ్చు కదమ్మా" అంటే, "అది దేశం. నువ్వు ఉండేది ఊళ్లో కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇలా ఊరు తెలియకుండా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎలా సిద్ధపడ్డారు?

పాకాల_జంక్షన్
ముందు ఒక్క మాట చెప్పండి. వాళ్లు మీ దగ్గర డబ్బు ఏమైనా అడిగారా? నమోదు రుసుము, వీసా ఖర్చు, శిక్షణ ఖర్చు, ఏ పేరుతోనైనా సరే. అడిగి ఉంటే ఊరి పేరు సంగతి తరువాత, వెంటనే వెనక్కు వచ్చేయండి.

చేను_గట్టు
లేదు అన్నా. టికెట్టు, ఆరోగ్య బీమా, నెలవారీ భృతి వాళ్లదే. వాళ్ల తరఫున ఇంతకుముందు వెళ్లి వచ్చిన ఇద్దరితో ఫోనులో మాట్లాడాను. మోసం కాదు. చెప్పడంలో ఆలస్యం, అంతే.

కువైట్_బాట
మోసం కాకపోయినా కాగితం మీద రాయించుకోండి. మా నాన్నగారు 1994లో కువైట్ వెళ్లినప్పుడు ఇంటి డ్రైవరు పని అని చెప్పి పంపించారు. విమానం దిగాక ఎడారిలో గొర్రెల దగ్గర వదిలేశారు. ఆ గుడారం ఎక్కడ ఉందో మాకు ఎనిమిది నెలలు తెలియలేదు. ఉత్తరం రాస్తే ఏ చిరునామాకు రాయాలి? మా అమ్మ రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలో నిలబడేది. మీ అమ్మగారు క్యారియరు పక్కన పెట్టారంటే నాకు అదే గుర్తొచ్చింది.

మదనపల్లె_టమాటా
కువైట్ సంగతి వేరు, ఇది వేరు. అది జీతం కోసం వెళ్లడం, అక్కడ జరిగింది ద్రోహం. ఇది సేవ. సేవకు వెళ్తానని చెప్పి "ఏ ఊరో ముందే చెప్పండి" అనడం నాకు సరిగా అనిపించడం లేదు. అవసరం ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లాలి. మన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి వందేళ్ల కిందట డెన్మార్క్ నుంచి ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడు వచ్చారు. మదనపల్లె ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో ఆయన ముందే అడిగి వచ్చారా?

చేను_గట్టు
అడిగే ఉంటారని నా నమ్మకం అన్నా. క్షయ రోగులకు పొడి గాలి, ఎత్తైన నేల కావాలని చూసుకునే కదా మదనపల్లెను ఎంచుకున్నారు! చోటు తెలుసుకోవడం పనిలో భాగమే. ఆ ఊళ్లో వానలు ఎప్పుడు ఆగుతాయో తెలియకుండా, కాయ ఎన్ని రోజులు ఎండాలో నేను రైతుకు ఎలా చెప్పగలను?

హార్సిలీ_చలి
సరైన మాట.

కొండమెట్టు_3550
నేను ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం తరఫున దక్షిణ సూడాన్‌లో పని చేశాను. ఆ కార్యక్రమం 1970లో ఏర్పడింది, కేంద్ర కార్యాలయం జర్మనీలోని బాన్‌లో ఉంది. వాళ్లు కూడా దరఖాస్తుదారుల దగ్గర ఏ దశలోనూ డబ్బు తీసుకోరు. పైన పాకాల గారు అడిగిన ప్రశ్న ప్రతి ఒక్కరూ మొదట అడగాల్సిందే.

మా దగ్గర పద్ధతి వేరు. నియామక వివరణలోనే ఊరి పేరు ఉంటుంది. ఆ ఊళ్లో బతకడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంగ్లీషు అక్షరాల్లో ఎ (A) నుంచి ఇ (E) వరకు తరగతులు ఉంటాయి. ఇ అంటే అన్నిటికంటే కష్టమైనది. కుటుంబాన్ని తీసుకురావచ్చో లేదో కూడా ముందే రాసి ఉంటుంది. నా కాగితంలో మలకాల్ అని ఉంది. తెల్ల నైలు ఒడ్డున ఉంటుంది. నేను సంబరపడి పటంలో గుర్తు పెట్టుకుని, ఫోటోలన్నీ చూసుకుని వెళ్లాను.

వెళ్లాక తెలిసింది ఏమిటంటే, ఊరి పేరు తెలియడం వేరు, ఊరు తెలియడం వేరు. అక్కడిది మన నంద్యాల వైపు ఉండే నల్లరేగడి లాంటి నేల. వాన పడిందంటే చెప్పు బురదలో దిగబడి కాలు మాత్రమే పైకి వస్తుంది. రన్‌వే తడిస్తే విమానం రాదు. కూరగాయలు, ఉత్తరాలు, సెలవు మీద వెళ్లాల్సిన మనుషులు, అందరూ నేల ఆరేదాకా ఆగాల్సిందే. ఇదేమీ నేను చూసుకున్న ఫోటోల్లో లేదు. అక్కడ మన భారత సైనికుల ఆసుపత్రి ఉందన్న సంగతి కూడా వెళ్లాకే తెలిసింది. ఒక జవాను తెలుగులో "ఏ ఊరు?" అని అడిగితే కళ్లు తడిశాయి.

అందుకే అంటున్నాను, పేరు కోసం పట్టుబట్టవద్దు. పేరు ఇవ్వలేకపోతే ఆ చోటు స్వభావం చెప్పమని అడగండి. ఎంత ఎత్తు, ఏ భాష, నీళ్లు ఎక్కడి నుంచి, కరెంటు ఎన్ని గంటలు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, నాతో పని చేసే మనిషి ఎవరు. వీటికి వాళ్ల దగ్గర జవాబు ఉంటే ఊరు దాదాపు ఖాయమైందని అర్థం. వీటికి కూడా జవాబు లేకపోతే అప్పుడు ఆలోచించాలి.

చేను_గట్టు
ఇలా అడగాలని నాకు తోచనే లేదు. ఈ రాత్రే రాస్తాను.

పాకాల_జంక్షన్
మా వీధిలో ఈ సంగతి చెబితే ఒక అవ్వ "వాలంటీరా? అయితే మన ఊళ్లో ఇదివరకు వాలంటీర్లు పంచినట్టు, ఆ దేశంలో ఒకటో తారీఖున పింఛన్లు పంచుతుందా?" అని అడిగింది. పంచదు అవ్వా అంటే నిరాశపడింది.

పుంగనూరు_దూడ
ఆ అవ్వకు న్సిమా సంగతి చెప్పండి, సంతోషిస్తుంది. మలావీలో మొక్కజొన్న పిండితో చేసే సంగటి అది. ముద్ద చేసి, చేత్తో తుంచి, ఆకుకూరతోనో చేపతోనో తింటారు. మన రాగి సంగటి తిన్న చేతికి కొత్త ఏమీ ఉండదు. ఇంకో సంగతి, కంది అక్కడ బాగా పండుతుంది. నందోలో అంటారు. ఏడాదికి 50,000 టన్నుల కందులు కొనేందుకు మన దేశం 2021లో మలావీతో ఒప్పందం చేసుకుంది. పప్పుచారు బెంగ అక్కర్లేదు.

శాంతిపురం_కబురు
మా మేనత్త కూతురు అమెరికాలో పుట్టి పెరిగింది. వాళ్ల ప్రభుత్వం విదేశాలకు వాలంటీర్లను పంపే శాంతి దళంలో (పీస్ కోర్) చేరి జాంబియా వెళ్లింది (అమెరికా పౌరులకు మాత్రమే అందులో చోటు). మొత్తం 27 నెలలు. దేశం ముందే తెలుస్తుంది, ఊరు తెలియదు. మొదటి మూడు నెలలు ఒక కుటుంబంతో ఉండి భాష నేర్చుకోవాలి. ఆ తరువాత ఒక రోజు మైదానంలో సుద్దతో దేశపటం గీశారట. అందరి కళ్లకు గంతలు కట్టి, ఒక్కొక్కరిని చెయ్యి పట్టుకుని నడిపించి పటంలో ఒక చోట నిలబెట్టారు. గంతలు విప్పగానే ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరు ఒంటరిగా చివర్లో నిలబడ్డారో కనిపించింది. తను ఉత్తరాన ఒంటరిగా నిలబడిందట. ఏడ్చాను అని చెప్పింది.

ముందే చెప్పకపోవడానికి కారణం కూడా తనే చెప్పింది. ఆ మూడు నెలల్లో ఎవరికి ఏ భాష నోటికి పట్టింది, ఎవరు ఒంటరిగా ఉండగలరు, ఎవరికి ఏ ఆరోగ్య ఇబ్బంది ఉంది అన్నది చూసి ఊళ్లు పంచుతారు. పల్లెలో ఇల్లు, తలుపుకు గడియ, మరుగుదొడ్డి సిద్ధమయ్యాయో లేదో చూడాలి. ముందే చెప్పేసి తరువాత మారిస్తే బాధ ఇంకా ఎక్కువ.

అలిపిరి_అమ్మ
ఆ అమ్మాయి రెండేళ్లూ అక్కడే ఉందా?

శాంతిపురం_కబురు
లేదండీ. 2020 మార్చిలో కరోనా వల్ల ప్రపంచంలోని శాంతి దళం వాలంటీర్లందరినీ, దాదాపు 7,000 మందిని, వెనక్కు రప్పించారు. తనకు ఎనిమిది నెలలే దక్కాయి. ఇప్పటికీ ఆ ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

పెద్దాయన_పుత్తూరు
శాంతి దళం అనగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. వాళ్లు 1961 నుంచి 1976 వరకు మన దేశంలో కూడా పని చేశారు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 68 ఏళ్ల వయసులో 1966లో వచ్చి బొంబాయి దగ్గర విక్రోలీలో ఉన్నారు. మా ఊరికి కోళ్ల పెంపకం నేర్పడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. 1967 ప్రాంతం, నాకు పదేళ్లు ఉంటాయి. రైలు దిగి, మా ఊరి పేరు ఇంగ్లీషులో రాసిన చీటీ చేతిలో పట్టుకుని, దారిలో కనిపించిన ప్రతి వాడికీ చూపించాడు. ఆ పేరు పలకడం అతనికి రాదు. చదవడం మా వాళ్లకు రాదు. చివరకు పోస్టుమాస్టరు గారు చదివి, జట్కా ఎక్కించి పంపారు. చెమటకు ఆ చీటీలో సిరా అంతా చెదిరిపోయింది.

మా అమ్మ అతనికి మొదటి రోజు సంగటి పెట్టింది. నమలకుండా మింగాలని చేత్తో గొంతు చూపిస్తూ నేర్పింది. మేము పిల్లలం చుట్టూ కూర్చుని ఒక్కో ముద్ద లెక్కపెట్టాం.

ఊరు ముందే తెలుసా తెలియదా అని వెళ్లేవాళ్ల వైపు నుంచే అందరూ మాట్లాడుతున్నారు. మాకు కూడా అతని పేరు ముందే తెలియదు తల్లీ. ఎవరో దొర వస్తున్నాడు అన్నారు, అంతే. నువ్వు అడిగేటప్పుడు, ఆ ఊరి వాళ్లకు నీ పేరు చెప్పారా అని కూడా అడుగు.

చేను_గట్టు
తాతగారూ, ఈ ప్రశ్న నా ఉత్తరంలో మొదటిది అవుతుంది.

వేలూరు_దారి
చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి నర్సింగ్ చదివాను. చదువు అయ్యాక రెండేళ్లు ఏదో ఒక మిషన్ ఆసుపత్రిలో పని చేయాలన్న ఒప్పందం. ఎక్కడన్నది చివరి దాకా తెలియలేదు. నా స్నేహితురాళ్లకు చిత్తూరు చుట్టుపక్కలే వచ్చింది, నాకు ఝార్ఖండ్ వచ్చింది. మదనపల్లె గారు అన్నట్టు సేవ అంటే ఎక్కడికైనా వెళ్లాల్సిందే, కాదనను. కానీ తెలియని ఆ పదిహేను రోజుల్లో నేను సగం చిక్కిపోయాను. తెలిశాక ఒక్క రోజులో సంచి సర్దుకున్నాను. ఆ అమ్మాయి అడిగేది సుఖం కాదు, సంచి సర్దుకునే వీలు.

ఇంకో విషయం, ఇది వాయిదా వేయవద్దు. మలావీ ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) ముప్పు ఉన్న దేశాల్లో లేదు కానీ ఇథియోపియా, కెన్యా ఉన్నాయి. మీ విమానం అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తే, మధ్యలో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే, టీకా పత్రం అడగవచ్చు. తిరుగు ప్రయాణంలో మన దేశం ఇంకా గట్టిగా చూస్తుంది. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది, ఆ తరువాత జీవితాంతం పనికొస్తుంది. మనకు దగ్గర చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ముందే ఫోను చేసి రోజు కనుక్కుని వెళ్లండి.

మదనపల్లె_టమాటా
"సుఖం కాదు, సంచి సర్దుకునే వీలు" అన్న మాట ఒప్పుకుంటున్నాను. నేను కొంచెం కటువుగా రాశాను.

అలిపిరి_అమ్మ
తల్లి వైపు నుంచి ఒక మాట చెప్పనా? మా అబ్బాయి రెండేళ్లు నేపాల్ కొండల్లో బడి పిల్లలకు చదువు చెప్పాడు. నా ఫోనులో వాతావరణం చూపించే చోట తిరుపతి కింద వాడి ఊరి పేరు పెట్టుకున్నాను. పొద్దున లేవగానే ఇక్కడ 34, అక్కడ 9 అని చూసేదాన్ని. చలికోటు వేసుకున్నాడో లేదో అనుకునేదాన్ని. అంతకు మించి చేయగలిగింది ఏమీ లేదు. కానీ ఆ అంకె చూడకుండా కాఫీ తాగలేకపోయేదాన్ని. మీ అమ్మకు కావలసింది ఊరి పేరు కాదమ్మా, మనసు ఆనించుకోవడానికి ఒక చోటు.

చేను_గట్టు
అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి కాసేపటికి వచ్చి, "ఆవిడ కొడుకు క్షేమంగా తిరిగి వచ్చాడా అని అడుగు" అంది.

అలిపిరి_అమ్మ
వచ్చాడమ్మా. నేపాలీలో పాటలు పాడుతూ వచ్చాడు.

చేను_గట్టు
పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. కొండమెట్టు అన్న చెప్పినట్టు ఊరి పేరు అడగకుండా, చోటు ఎలా ఉంటుందో అడిగాను. తాతగారి ప్రశ్న మొదట పెట్టాను. ఈసారి ఆ పాత వాక్యం రాలేదు. లిలోంగ్వే నుంచి ఒక మనిషి స్వయంగా రాశారు. మూడు జిల్లాలు పరిశీలనలో ఉన్నాయట, ఉత్తరాన మ్జింబా, మధ్యలో కసుంగు, దక్షిణాన మచింగా. మూడు చోట్లా సంఘాలు ఉన్నాయి, కానీ ఒక చోట ఇంటి పైకప్పు పని మిగిలింది, ఇంకో చోట నాతో పని చేయాల్సిన అధికారిణి ప్రసూతి సెలవులో ఉన్నారు. ఈ రెండూ తేలాక చెబుతామన్నారు. మీ పేరు మూడు చోట్లా చెప్పాం అని చివర్లో రాశారు.

పెద్దాయన_పుత్తూరు
అయితే మూడు ఊళ్లు నీ కోసం చూస్తున్నాయన్నమాట.

కువైట్_బాట
ఆ ఉత్తరం దాచుకోండి. కాగితం మీద వచ్చిన మాట అది.

పుంగనూరు_దూడ
మూడు చోట్లా భాష ఒకటి కాదు, జాగ్రత్త. కసుంగులో చిచేవా, మచింగాలో యావో ఎక్కువ, మ్జింబాలో టుంబుకా. చిచేవా దేశమంతటా చాలామందికి అర్థమవుతుంది కాబట్టి అదే మొదలుపెట్టండి.

చేను_గట్టు
మొదలుపెట్టాను. "ములి బ్వాంజీ" అంటే ఎలా ఉన్నారు అని. వేరుశనగను మ్టెడ్జా అంటారు. ఆ ఒక్క మాట మాత్రం మరిచిపోను.

నారాయణి_విత్తనం
తిరుపతి పరిశోధనా స్థానంలో పుట్టిన నారాయణి, ధరణి రకాలు వేసే రైతును. మీ పని గురించి ఎవరూ అడగడం లేదు, నేను అడుగుతాను. అక్కడ బూజు ఎందుకు ఎక్కువ?

చేను_గట్టు
మంచి ప్రశ్న అన్నా. చివరి రోజుల్లో వాన ఎగ్గొట్టి నేల వేడెక్కితే బూజు కాయలోకి దిగుతుంది, అది మన దగ్గరా ఉన్నదే. అక్కడ ఇంకో కారణం ఉంది. కాయ చేత్తో ఒలవాలి, పెంకు గట్టిగా ఉంటుంది, వేళ్లు నొప్పి పుడతాయి. అందుకని ఒలిచే ముందు కాయను నీళ్లలో తడుపుతారు. పెంకు మెత్తబడుతుంది, బూజుకు తలుపు తెరిచినట్టు అవుతుంది. తడపవద్దు అని చెప్పడం సులభం. కానీ ఆ వేళ్ల నొప్పికి మందు చూపించకుండా ఆ మాట అనే హక్కు నాకు లేదు. చిన్న ఒలుపు యంత్రాలు ఇచ్చి చూడాలి. ఆరబెట్టడానికి అక్కడ మండేలా కాక్ అనే పద్ధతి నేర్పుతున్నారు. కాయలు లోపలి వైపుకు ఉండేలా చెట్లను గుండ్రంగా పేర్చి, నడుమ గాలికి గొట్టంలా ఖాళీ వదులుతారు. ఎండ నేరుగా తగలదు, గాలి ఆడుతుంది.

నారాయణి_విత్తనం
ఈసారి మా చేలో ఒక కుప్ప అలా పేర్చి చూస్తాను. వెళ్లే ముందు వచ్చి చూపించండి.

చేను_గట్టు
తప్పకుండా వస్తాను.

చేను_గట్టు
నిన్న సాయంత్రం ఉత్తరం వచ్చింది. మ్జింబా. అక్కడ భాష టుంబుకా, కాబట్టి నెల రోజుల చిచేవాకు తోడు ఇప్పుడు ఇంకో భాష. ధన్యవాదాలను "యెవో" అంటారట. పైకప్పు వేశారు. సంఘంలో 22 మంది ఆడవాళ్లు. నీళ్లు చేతిపంపు నుంచి, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. దగ్గరి పెద్ద పట్టణం మ్జుజు. ఊరు 1,300 మీటర్ల పైన ఉంది.

హార్సిలీ_చలి
అంటే దాదాపు మా హార్సిలీ కొండ ఎత్తు. ఉన్ని దుప్పటి పెట్టుకోండి. వాళ్లకు జూన్, జూలై చలికాలం, మరిచిపోవద్దు.

కొండమెట్టు_3550
మూడు చదరపు కాళ్ల ప్లగ్గు కావాలి, బ్రిటిష్ వాళ్లది. ఇక్కడే కొనుక్కోండి. మన కంటే మూడున్నర గంటలు వెనక. మీ అమ్మగారు రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తే మీకు సాయంత్రం నాలుగున్నర, పొలం నుంచి వచ్చే వేళ.

అలిపిరి_అమ్మ
అమ్మ ఏమంది?

చేను_గట్టు
రాత్రి ఏమీ అనలేదు. పొద్దున ఏడు గంటలకే చీర మార్చుకుని అలమర పైనుంచి క్యారియరు దింపింది. ఇద్దరం గాంధీ రోడ్డుకు వెళ్లాం. దుకాణం ఇంకా తెరవలేదు. మెట్ల మీద కూర్చున్నాం. చెక్కే ఆయన వచ్చి, "ఊరి పేరు?" అన్నాడు. అమ్మ దారి పొడవునా పలికి చూసుకుంటూనే ఉంది, అయినా నోరు తిరగలేదు. నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన "మ కింద జ వత్తు ఇవ్వాలా, మ పక్కన జ పెట్టాలా?" అని అడిగాడు. వత్తు అన్నాను. గిన్నె తిప్పి పట్టుకుని, సూది ఆడిస్తూ నెమ్మదిగా చెక్కాడు. అమ్మ వంగి అక్షరం అక్షరం చూసింది. తేదీ దగ్గరకు వచ్చేసరికి "కొంచెం చోటు వదలండి, తిరిగి వచ్చిన తేదీ కూడా చెక్కించాలి" అంది.